పాత చర్చి గోడకు సిమెంటు పూసే ముందు: నెమ్ము, సున్నం, సంఘం గురించి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. చర్చికి సుమారు 150 ఏళ్లు. ఇటుక గోడలు, సున్నపు పూత, చెక్క దూలాల మీద పెంకుల కప్పు, ఒక పక్క గంట గోపురం. గోడల అడుగున నాలుగడుగుల దాకా నెమ్ము ఎక్కి పూత రాలిపోతోంది. ఒక కాంట్రాక్టరు వచ్చి చూసి, పూతంతా చెక్కేసి సిమెంటు పూస్తానని, పెంకులు దించి కాంక్రీటు స్లాబు వేస్తానని చెప్పాడు. సంఘంలో కొందరు అదే మంచిదంటున్నారు. కొందరు మొత్తం కూల్చి కొత్తది కడదామంటున్నారు. పెద్దవాళ్లలో కొందరు ఒక్క ఇటుక కూడా కదపడానికి వీల్లేదంటున్నారు. ఏం చేయాలి, అందరినీ ఒక్కతాటి మీదికి ఎలా తేవాలి అని అడిగారు.

పాత ఆరాధనా మందిరాల మరమ్మతుల్లో పాతికేళ్లుగా ఉన్నాను. ఆ కాంట్రాక్టరుకు ఇప్పుడే అడ్వాన్సు ఇవ్వకండి. ఆయనది దురుద్దేశమని అనడం లేదు. కొత్త ఇళ్లు కట్టే చేతికి కొత్త ఇళ్ల మందే తెలుస్తుంది. కానీ మీ గోడల జబ్బు పూతది కాదు, నీటిది. నీటి దారి కనిపెట్టకుండా ఏ పూత పూసినా అది రాలిపోతుంది, రాలేటప్పుడు ఇటుకను కూడా తీసుకుపోతుంది.

అందుకని మొదటి పని చాలా తేలికైనది. వాన పడేటప్పుడు గొడుగు పట్టుకుని చర్చి చుట్టూ నడవండి. ఎండలో తీసిన వంద ఫోటోల కంటే వానలో అరగంట ఎక్కువ చెబుతుంది. చూరు నీళ్లు ఎక్కడ పడుతున్నాయి? గోపురం గోడకు కప్పు ఆనుకునే చోట నీరు ఎటు జారుతోంది? గొట్టాలు ఎక్కడ పగిలాయి, ఎక్కడ ఆకులతో పూడుకుపోయాయి? నేల వాలు గోడ వైపు ఉందా, బయటికి ఉందా? నేల నుంచి పైకి పాకే నెమ్ము మామూలుగా మూడు నాలుగు అడుగుల దగ్గర ఆగిపోతుంది. అంతకు బాగా పైన తడి మరక ఉంటే అది కప్పు నుంచో గొట్టం నుంచో దిగుతున్నదే.

మీరు చెప్పిన నాలుగడుగుల మరకను బట్టి నాకు ఎక్కువ అనుమానం ఆవరణ మీదే. ఇలాంటి కట్టడాలు కట్టినప్పుడు లోపలి నేల బయటి నేల కంటే రెండు మూడు మెట్లు ఎత్తున ఉంటుంది. తరాలు గడిచేకొద్దీ ఆవరణలో మట్టి పోస్తారు, బండలు పరుస్తారు, ఆ పైన సిమెంటు వేస్తారు. చివరికి బయటా లోపలా నేల సమానమైపోతుంది, గోడ పాదం మట్టిలో కూరుకుపోయినట్టవుతుంది. గోడను ఆనుకుని సిమెంటు నేల ఉంటే దాని కింది తడికి ఆవిరయ్యే దారి ఉండదు, గోడలోకే ఎక్కుతుంది. మెట్లు లెక్కపెట్టండి. పాత ఫోటోలో నాలుగు మెట్లుండి ఇప్పుడు రెండే కనిపిస్తే మీ రోగనిర్ధారణ సగం అయిపోయినట్టే. గోడ చుట్టూ రెండడుగుల వెడల్పున ఆ సిమెంటు పగలగొట్టి, నేలను లోపలి గచ్చు కంటే కనీసం ఆరంగుళాలు కిందికి దించి, బయటికి వాలు పెట్టండి. పునాది అడుగు మాత్రం బయటపడేలా తవ్వకండి, అది ప్రమాదం.

సంఘం సంగతి ఇక్కడే మొదలవుతుంది, అందుకే ఒక అనుభవం చెబుతాను. ఒక చర్చిలో గోపురానికి ఆనుకున్న గోడ ఒక్కచోటే తడిసేది. తేమ కొలిచే పరికరాలతో రెండు రోజులు తిరిగాం, కారణం దొరకలేదు. మూడో రోజు, ముప్పై ఏళ్లుగా ఆ చర్చి ఊడుస్తున్న ఒక పెద్దమ్మ నన్ను పక్కకు పిలిచి, "అన్ని వానలకూ తడవదు బాబూ. తూర్పు గాలి కొట్టే వానకే తడుస్తుంది. ముందు గంట తాడు తడుస్తుంది, తర్వాత గోడ" అంది. పరంజా కట్టించి పైకెక్కితే గోపురం తూర్పు కిటికీకి చెక్క పలకలు మూడు ఊడిపోయి ఉన్నాయి. గాలివాన నేరుగా గంట గదిలోకి కొట్టి, తాడు వెంట దిగి, నేలలో తాడు దిగే కన్నం దగ్గర గోడలోకి ఇంకుతోంది. మూడు పలకలు బిగిస్తే తడి ఆగింది. ఆ రోజు నుంచి ఏ కట్టడానికి వెళ్లినా ముందు ఊడ్చేవారినీ, గంట కొట్టేవారినీ, తలుపులు తెరిచి మూసేవారినీ కూర్చోబెట్టి మాట్లాడతాను. సంఘాన్ని కలుపుకోవడమంటే చందాలు అడగడమొక్కటే అనుకునే కమిటీలను చాలా చూశాను. డబ్బు కంటే ముందు సంఘం దగ్గర ఉన్నది జ్ఞాపకం. దాన్ని ముందు సేకరించండి.

ఇక సిమెంటు ఎందుకు వద్దంటున్నానో చెప్పాలి, ఎందుకంటే మీ సంఘంలో ఈ ప్రశ్న తప్పక వస్తుంది. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే అందులోని కార్బన్ డయాక్సైడ్ పోయి పొడి సున్నం మిగులుతుంది. నీళ్లు పోస్తే కుతకుత ఉడికి మెత్తని ముద్దవుతుంది. దానికి ఇసుక కలిపి గోడకు పూస్తే, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌నే మళ్లీ పీల్చుకుని నెలల తరబడి నెమ్మదిగా రాయిగా మారుతుంది. అలా గట్టిపడ్డాక కూడా దానిలో సన్నని రంధ్రాలుంటాయి. గోడలోని తేమ వాటిగుండా బయటికి ఆవిరైపోతుంది. పాత ఇటుక మెత్తనిది, సున్నం దానికంటే మెత్తనిది. గోడ కాస్త కదిలినా, తేమతో పాటు ఉప్పు పైకి వచ్చినా, దెబ్బ తినేది సున్నమే, ఇటుక కాదు. పూత ఉన్నదే అరిగిపోవడానికి. పాతికేళ్లకో ముప్పై ఏళ్లకో మళ్లీ పూసుకుంటాం.

సిమెంటు దీనికి సరిగ్గా తలకిందులు. గట్టిగా ఉంటుంది, తేమను లోపలే బంధిస్తుంది. తేమ ఎక్కడ దారి దొరికితే అక్కడికి పోతుంది కాబట్టి నాలుగడుగుల నెమ్ము సిమెంటు పట్టీ దాటి ఆరడుగులకు ఎక్కుతుంది. తేమతో వచ్చిన ఉప్పు ఇటుకలోనే గడ్డకట్టి, లోపలి నుంచే ఇటుకను పొడి చేస్తుంది. మీ చర్చిలో ఇప్పటికే ఎక్కడైనా సిమెంటు మాసికలు ఉంటాయి, తాళంచెవితో తట్టి చూడండి. డొల్లగా మోగిన చోట ఒక అంచు లేపండి. వెనక తెల్లని ఉప్పు, తడిసిన ఎర్ర పొడి జారిపడతాయి. ఆ పొడి ఒకప్పుడు ఇటుక. ఆ ఒక్క మాసిక దగ్గరికి కమిటీని తీసుకెళ్లి, ఆ పొడి వాళ్ల అరచేతిలో పోయండి. ఏ ఉపన్యాసమూ అంతగా ఒప్పించదు.

సంఘం చేతుల మీదుగా నిలబడిన చర్చికి నేను తరచు చెప్పే ఉదాహరణ అమెరికాలోని న్యూ మెక్సికోలో ఉంది. రాంచోస్ డి టావోస్ అనే ఊళ్లోని శాన్ ఫ్రాన్సిస్కో డి అసిస్ చర్చి పచ్చి ఇటుకలతో కట్టింది. ఊరివాళ్లే మట్టి, గడ్డి కలిపి దానికి పూత పూసుకునేవారు. 1967లో, ఇక ఈ శ్రమ తప్పుతుందని సిమెంటు పూశారు. పగుళ్లలోంచి నీళ్లు లోపలికి దిగాయి, బయటికి రాలేక గోడ లోపలే నానాయి. 1979లో ఆ సిమెంటంతా ఒలిచేసి మళ్లీ మట్టి పూతకే వచ్చారు. అప్పటి నుంచి ఏటా సంఘమంతా కలిసి మట్టి పూత పని చేస్తోంది. చర్చికి ఏడాదికోసారి చేతులు తగిలితే ఏ మూల పగిలింది, ఏ మూల ఉబ్బింది అన్నది ఆ ఏడాదే తెలిసిపోతుంది. సిమెంటు పన్నెండేళ్లలో దాచిపెట్టింది దాన్నే.

పూత అసలు లేకుండా చేసి, ఎర్రటి ఇటుక కనిపించేలా వదిలేస్తే అందంగా ఉంటుంది కదా అని కూడా ఎవరైనా అంటారు. ఒప్పుకోకండి. పాత గోవాలోని బోమ్ జీసస్ బాసిలికా 1605లో ప్రతిష్ఠించిన చర్చి. 1950ల తొలి సంవత్సరాల్లో దాని బయటి సున్నపు పూతను ఒలిచేసి లేటరైట్ అనే ఎర్రని రాయి కనిపించేలా వదిలేశారు. ఇప్పుడందరూ ఆ ఎర్రని రూపమే అసలు రూపమనుకుంటారు. కానీ లేటరైట్ నీళ్లు తాగే రాయి. పూత అనే చొక్కా పోయాక దశాబ్దాల వానలు దాన్ని తినేస్తూ వచ్చాయి. ఇంగ్లండులోనూ 19వ శతాబ్దంలో పాతరూపం తెస్తామని చర్చిల పూతలు గీకేయడం పెద్ద మోజుగా సాగింది. దాన్ని అడ్డుకోవడానికే కళాకారుడు, రచయిత విలియం మోరిస్ 1877లో ప్రాచీన కట్టడాల రక్షణ సంఘాన్ని స్థాపించాడు. ఆ సంఘం చెప్పిన మాట నా దృష్టిలో ఈనాటికీ సరైనదే: పాతదాన్ని కొత్తగా తయారు చేయవద్దు, రోజువారీ శ్రద్ధతో శిథిలం కాకుండా ఆపు, కప్పు కారితే బాగుచెయ్యి, గోడ ఒరిగితే ఆసరా పెట్టు.

స్లాబు సంగతి. ఐదంగుళాల కాంక్రీటు చదరపు మీటరుకు 300 కిలోల పైమాటే. చెక్కతో కలిపి పెంకుల కప్పు బరువు అందులో సగం కూడా ఉండదు. మీ పునాదులూ గోడలూ ఆ తేలికపాటి కప్పు కోసం కట్టినవి. పైగా ఆ దూలాలు బరువు మోయడమే కాదు, ఎత్తైన రెండు గోడలను చేతులు పట్టుకున్నట్టు కలిపి ఉంచుతున్నాయి. అన్నీ ఒక్కసారి దించితే గోడలు ఒంటరివైపోతాయి. దూలాల్లో పాడయ్యేది ఎక్కువగా గోడలోకి దూరిన కొసలే, ఎందుకంటే తడి అక్కడ ఆరదు. సన్నని ములుకుతో గుచ్చి చూడండి. అంగుళం సునాయాసంగా దిగితే అక్కడ పుచ్చింది. అంతమాత్రాన దూలమంతా మార్చనక్కర్లేదు. పుచ్చిన కొస కోసేసి, అదే జాతి ఎండిన కర్రను ఏటవాలు అతుకుతో కలిపే వడ్రంగులు ఇంకా ఉన్నారు. వెతకండి, దొరుకుతారు. చెక్కలో తేమ 20 శాతం లోపు ఉంటే బూజు పట్టి కుళ్లడం ఆగిపోతుంది. అంటే ఇక్కడా మందు నీటిని ఆపడమే.

గోడల్లో బీటలు ఉన్నాయని రాశారు కానీ ఎంత వెడల్పో రాయలేదు. బీట కనిపించగానే భయపడి నింపేయకండి. దాని రెండు కొసల దగ్గరా పెన్సిలుతో గీత గీసి తేదీ వేయండి. వెడల్పు కొలిచి రాసుకోండి. నెలకోసారి ఒకే మనిషి, ఒకే స్కేలుతో కొలవాలి. ఏడాది తిరిగేసరికి అది పాత గాయమా, ఇంకా కదులుతున్నదా అన్నది తేలుతుంది. ఎండకు మూసుకుని చలికి తెరుచుకునే బీట వేరు, ప్రతి నెలా పెరుగుతూనే ఉన్న బీట వేరు. రెండోది కనిపిస్తే ఆలస్యం చేయకుండా పాత కట్టడాలు తెలిసిన స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవండి. కొలత పని మీ సంఘంలోని పదో తరగతి పిల్లలకు అప్పగించవచ్చు. నేను అప్పగించిన ప్రతిచోటా వాళ్లు పెద్దల కంటే శ్రద్ధగా చేశారు.

ఇప్పుడు మనుషుల మధ్య బీటల గురించి. కూల్చుదామనే వాళ్లను చర్చి మీద ప్రేమలేని వాళ్లుగా చూడకండి. ఒక్కొక్కరినీ విడిగా అడిగితే వాళ్ల బాధ గోడ మీద కాదని తెలుస్తుంది. లోపల ఉక్కగా ఉంది, మరుగుదొడ్డి లేదు, చక్రాల కుర్చీ మెట్లెక్కదు, పండుగ రోజు సగం మంది బయటే నిలబడాలి. ఇవన్నీ నిజమైన అవసరాలు. వీటిలో దేనికీ కూల్చడం ఒక్కటే మార్గం కాదు. మూసుకుపోయిన పై కిటికీలు తెరిస్తే ఉక్క చాలావరకు తగ్గుతుంది, గోడ కూడా ఆరుతుంది. వాలుబాట పక్క తలుపు దగ్గర, పాత మెట్లను తాకకుండా, రేపు తీసేయగలిగేలా పెట్టవచ్చు. మరుగుదొడ్లూ కొత్త హాలూ ఆవరణలో దూరంగా, వాటి నీళ్లు చర్చి పునాది వైపు రాకుండా కట్టవచ్చు. ఒక్క ఇటుక కూడా కదపవద్దనే పెద్దలకు కూడా ఒక మాట చెప్పాలి: ఏమీ చేయకపోవడం కూడా ఒక నిర్ణయమే, ఆ నిర్ణయాన్ని వాన అమలు చేస్తుంది.

నేను చేసే పద్ధతి ఒకటుంది. ఒక ఆదివారం మధ్యాహ్నం అందరినీ పాత ఫోటోలతో రమ్మనండి. పెళ్లి ఫోటోల వెనక బలిపీఠం, పాత కిటికీల రంగు, గోడ మీది అంచు గీతలు కనబడతాయి. ఎవరూ చర్చిని ఫోటో తీయలేదు, పెళ్లికూతుర్ని తీశారు, కానీ మనకు కావాల్సిన సాక్ష్యం అందులోనే ఉంటుంది. తర్వాత ఒక పెద్ద కాగితం మీద చర్చి పటం గీసి, ఎవరికి ఏ చోటు విలువైనదో అక్కడ గుర్తు పెట్టమనండి. నేను చేయించిన ఒకచోట అందరూ బలిపీఠం దగ్గర పెడతారనుకున్నాను. సగానికి పైగా గుర్తులు దక్షిణపు తలుపు గడప మీద పడ్డాయి, శవపేటికలన్నీ ఆ తలుపు గుండానే బయటికి వెళ్లాయట. ఆ అరిగిన రాతి గడపను మార్చాలని పనుల జాబితాలో ఉంది. ఆ సాయంత్రమే ఆ పనిని జాబితాలోంచి కొట్టేశాం. ఇలాంటి పటం చేతిలో ఉంటే ఏది తాకాలి, ఏది తాకకూడదు అన్న వాదన సగం తగ్గుతుంది. ఆ చుట్టుపక్కల ఉండే ఇతర మతాల వాళ్లనూ పిలవండి. గంట చప్పుడు వాళ్ల రోజులో కూడా భాగమే.

ఫోటోలు దొరకని చోట ఊహతో పూరించకండి. పాత కట్టడాల సంరక్షణ గురించి నిపుణులు రాసుకున్న 1964 నాటి వెనిస్ ఒడంబడికలో ఉన్న సూత్రం ఇది: ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగాలి. కొత్తగా పెట్టిన ముక్క పాతదానితో కలిసిపోవాలి, కానీ దగ్గరగా చూస్తే కొత్తదని తెలియాలి. జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఫ్రావెన్‌కిర్షె చర్చి 1945 ఫిబ్రవరి బాంబుదాడిలో కూలిపోయి నాలుగు దశాబ్దాలకు పైగా రాళ్లగుట్టగా ఉండిపోయింది. 1990లో కొందరు పౌరులు పిలుపునిస్తే ఎన్నో దేశాల నుంచి విరాళాలు వచ్చాయి. 2005 అక్టోబరు 30న మళ్లీ ప్రతిష్ఠ జరిగింది. గుట్టలోంచి ఏరి వాడిన పాత రాళ్లు నల్లగా, కొత్తవి లేత రంగులో ఉంటాయి. ఆ తేడాను దాచలేదు. గోపురం మీది శిలువను తయారు చేసిన వారిలో, ఆ నగరం మీద బాంబులు వేసిన బ్రిటిష్ విమాన చోదకుడి కొడుకు ఒకరు. ఈ ఉదాహరణ చూపించి, "కూల్చినా మళ్లీ కట్టుకోవచ్చు" అని ఎవరైనా అంటే మాత్రం, అది యుద్ధం కూల్చిన చర్చి అని గుర్తుచేయండి.

పని మొదలుపెట్టే ముందు చర్చినంతా కొలిచి, ప్రతి గోడనూ ఫోటో తీసి, రెండు మూడు చోట్ల దాచండి. ప్యారిస్‌లోని నోటర్‌డామ్‌ను కళాచరిత్రకారుడు ఆండ్రూ టాలన్ లేజరుతో అణువణువూ కొలిచి పెట్టాడు. 2019 ఏప్రిల్ 15న ఆ కప్పు కాలిపోయాక, 2024 డిసెంబరులో మళ్లీ తెరిచే దాకా సాగిన పనికి ఆ కొలతలు ఎంతో అక్కరకు వచ్చాయి. ఆ మంటలు వచ్చిన నాటికి అక్కడ మరమ్మతులు నడుస్తున్నాయన్న సంగతీ మరవకండి. పాత చెక్క కప్పుకు అత్యంత ప్రమాదకరమైన కాలం మరమ్మతు జరిగే కాలమే. కప్పు దగ్గర వెల్డింగు, మంటతో రంగు కాల్చడం పూర్తిగా నిషేధించండి. సాయంత్రం కరెంటు మెయిన్ ఆపాకే తాళం వేయాలి.

సంఘ సభ్యులు స్వయంగా చేయగల పనులు చాలానే ఉన్నాయి: చూరు కాలువలు శుభ్రం చేయడం, గోడ మీది ఉప్పును పొడి బ్రష్షుతో దులపడం (నీళ్లతో కడిగితే ఉప్పు మళ్లీ లోపలికే పోతుంది), సున్నం వెల్ల వేయడం, పెంకులు ఏరి వరుస పెట్టడం. గోడ సందుల్లో మొలిచిన చెట్లను మాత్రం లాగి పీకనివ్వకండి. వేరుతో పాటు ఇటుకలు ఊడివస్తాయి. మొదలు కోసి, వేరు చచ్చి ఎండాక తీయాలి. ఎత్తు పరంజా ఎవరినీ ఎక్కనివ్వవద్దు, అది పనివాళ్లది. తడి సున్నం కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. కళ్లను పూర్తిగా కప్పే రక్షణ అద్దాలు, చేతి తొడుగులు, పక్కనే బకెట్ మంచినీళ్లు లేకుండా ఒక్క చేతినీ సున్నం తాకనివ్వకండి. ప్రతి నెలా జమాఖర్చులు తలుపు దగ్గర అంటించండి, తప్పులున్నా సరే.

మేస్త్రీని ఎంచుకునేటప్పుడు ధర కంటే ముందు ఒక చదరపు గజం నమూనా పూయించండి. ఒక పాలు సున్నం, మూడు పాళ్లు ఇసుకతో మొదలుపెట్టి, పాత పూత ముక్కను చూస్తూ సరిచేసుకోవచ్చు. పొర అరంగుళం దాటకూడదు. ఎండలో పూయకూడదు, తడి గోనెలు కప్పి రోజుల తరబడి తేమగా ఉంచాలి. తొందరపడే మేస్త్రీ ఆ వారంలోనే బయటపడతాడు. పూతలో వెంట్రుకల్లాంటి బీటలు వచ్చేస్తాయి.

చివరగా, ఈ ఏడాదే పూత పూర్తి చేసి పండుగకు తెరవాలనుకుంటున్నామని రాశారు. అక్కడే నేను మిమ్మల్ని ఆపుతాను. నీళ్లు రావడం ఆగిపోయాక కూడా తడిసిన గోడ అంగుళం మందానికి సుమారు నెల చొప్పున ఆరుతుంది. మీది రెండడుగుల గోడ. రెండు వైపులా ఆరినా దాదాపు ఏడాది. కాబట్టి ఈ పండుగకు చూరు కాలువలు, గొట్టాలు, కప్పు, గోడ చుట్టూ నేల వాలు పూర్తి చేయండి. ఊడిపోతున్న పూతను మెల్లగా దించి, గోడను అలాగే ఇటుకలతో వదిలేయండి. వచ్చినవాళ్లు ఇదేమిటని అడిగితే ఆరుతోందని చెప్పండి. వచ్చే ఏడు ఇదే నెలలో అదే చోట తేమ కొలవండి. ఆరిందని తేలితేనే సున్నం తడపండి, లేకపోతే మరో కాలం ఆగండి. అప్పటిదాకా ఆ గోడకు పూత వద్దు, రంగు వద్దు, టైల్సు అసలే వద్దు.